తెరిచే కాగితం మీదే మూసే షరతూ రాయండి

మునిసిపల్ ప్రజారోగ్య విభాగంలో చాలాకాలం పనిచేశాను, కరోనా రోజుల్లో కంట్రోల్ రూమ్ కూడా చూసుకున్నాను. మళ్లీ అలాంటిది వస్తే ఆ కుర్చీలో కూర్చునేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

లాక్‌డౌన్ సడలించేటప్పుడు ఏవి తెరవాలన్న మీటింగులో అందరూ అడిగేది తేదీ. వ్యాపారులకు తేదీ కావాలి, స్కూళ్లకు కావాలి, పైఅధికారులకైతే సాయంత్రంలోగా కావాలి. మీరు షరతు చెప్పండి, తేదీ వద్దు. అదే కాగితం మీద ఏ అంకె దాటితే మళ్లీ మూసేస్తామో కూడా రాయించి, ఆ మీటింగులోనే సంతకాలు పెట్టించండి. కేసులు పెరగడం మొదలయ్యాక ఆ చర్చ పెడితే తేలదు. అప్పటికి షాపులవాళ్లు అప్పు చేసి సరుకు తెచ్చుకుని ఉంటారు, వాళ్ల మాటా నిజమే అనిపిస్తుంది.

షరతుకు ఏ అంకె తీసుకోవాలి? 2020 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక కొలత చెప్పింది: పరీక్షల్లో పాజిటివ్ వచ్చేవి రెండు వారాల పాటు 5 శాతం లోపే ఉండాలని. కానీ ఈ అంకెను కిందికి దించడం చాలా తేలిక. ఏ లక్షణాలూ లేనివాళ్లను వరసగా నిలబెట్టి పరీక్షలు చేస్తే శాతం దానంతటదే పడిపోతుంది. అందుకే ఎంతమందికి చేశారు, అందులో లక్షణాలున్నవాళ్లెందరు అన్నది పక్కన రాయకపోతే ఆ రిపోర్టు తిప్పి పంపండి. దాంతోపాటు ఖాళీగా ఉన్న ఆక్సిజన్ పడకల లెక్క రోజూ రావాలి.

ఇంకొకటి, ఆలస్యం. కరోనా మొదటి విడతలో వైరస్ సోకాక లక్షణాలు కనబడటానికి సగటున 5 రోజులు పట్టేది, ఒక్కోసారి 14 రోజులు కూడా. ఆసుపత్రి దాకా వచ్చేసరికి ఇంకో వారం. అంటే ఇవాళ నిండిన పడకలు సుమారు రెండు వారాల కిందటి సంగతి చెబుతున్నాయి. అందుకని జిమ్ములు, సినిమా హాళ్లు ఒకే రోజు తెరవకండి. ఒకటి తెరిచి, కనీసం రెండు వారాలు చూసి, అప్పుడు రెండోది. లేకపోతే కేసులు ఎందుకు పెరిగాయో ఎవరూ చెప్పలేరు. మురుగునీటి పరీక్ష చేయించగలిగితే ఇంకా మంచిది. పరీక్షకు రానివాళ్ల వైరస్ కూడా ఆ నీళ్లలో చేరుతుంది కాబట్టి పెరుగుదల కొన్ని రోజులు ముందే తెలిసే అవకాశం ఉంది.

1918 ఫ్లూ అప్పుడు అమెరికాలో రెండు ఊళ్ల సంగతి చూడండి. ఫిలడెల్ఫియా సెప్టెంబర్ 28న పెద్ద ఊరేగింపు జరగనిచ్చింది, కొద్ది రోజుల్లోనే ఆసుపత్రులు నిండిపోయాయి. సెయింట్ లూయిస్ అక్టోబర్ మొదట్లోనే బడులు, థియేటర్లు మూసేసింది. నవంబర్‌లో సడలించి, కేసులు పెరిగితే మళ్లీ మూసింది. అందుకు ఆ ఊరి పరువేమీ పోలేదు, మంచి ఉదాహరణగా ఇప్పటికీ చెప్పుకుంటున్నారు.

ఇక ఆగకూడని పనులు. నీళ్లు, చెత్త, మురుగు, మరణాల నమోదు: వీటి సిబ్బందిని రెండు జట్లు చేసి, ఒక జట్టు మొహం ఇంకో జట్టు చూడకుండా నడపండి. షిఫ్టు అప్పగింత రిజిస్టర్లోనో ఫోన్లోనో జరగాలి. నీళ్ల విభాగంలో దీనికి ముందే చేయాల్సిన పని ఒకటుంది. ఏ వాల్వు ఎక్కడుందో, ఎటువైపు తిప్పాలో, ఎన్ని చుట్లు తిప్పితే మెరకనున్న ఇళ్లకు నీళ్లెక్కుతాయో చాలా చోట్ల పాత లైన్‌మన్ ఒక్కడికే తెలుసు. ఆయనకు జ్వరమొస్తే ఆ వీధులన్నిటికీ నీళ్లు ఆగినట్టే. వెంట ఒక కుర్రాణ్ని పంపి, ప్రతి వాల్వు దగ్గరా ఆయన తిప్పుతుంటే వీడియో తీయించండి. గీసిన మ్యాపుల కంటే ఇదే ఎక్కువ అక్కరకొస్తుంది.

పారిశుద్ధ్య కార్మికుల్లో చాలామంది కాంట్రాక్టు మీద ఉంటారు, సెలవు పెడితే కూలి పోతుంది. జ్వరంతోనే పనికొస్తారు, రాక ఏం చేస్తారు? ఐసొలేషన్ రోజులకు పూర్తి కూలి ఇస్తామని ఆర్డరు ఇచ్చి, అది కాంట్రాక్టరు దగ్గర ఆగకుండా వాళ్ల ఖాతాలో పడేలా చూడండి. థర్మామీటర్లు కొనడం దీని తర్వాత. రోగులున్న ఇళ్ల చెత్తను రెండు సంచుల్లో కట్టించి విడి బండిలో తీసుకెళ్లాలి.

రోడ్ల మీద మందు పిచికారీ చేయమని ప్రతి వార్డు నుంచీ ఫోన్లొస్తాయి. ఫొటోకు బాగుంటుంది, అంతే. దుమ్ము మీద పడ్డ క్లోరిన్ పనిచేయదని, మనుషుల మీద అసలు చల్లకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అప్పట్లోనే చెప్పింది. ఆ మనుషుల్ని, ఆ ట్యాంకర్లను మీకు అవసరమైన చోటికి పంపండి.

ఆఫీసు కౌంటర్ల దగ్గర జనాన్ని పోగేసేది చాలాసార్లు మన గడువే. పన్ను గడువు పొడిగించేదేదో ఆఖరి రోజు సాయంత్రం ప్రకటిస్తే, ఆ పొద్దున్నే అందరూ వచ్చి నిలబడి ఉంటారు. వారం ముందే చెప్పేయండి. కౌంటరును వరండాలోకి మార్చగలిగితే మార్చండి, లోపలే అయితే కిటికీలు తీయించండి. గాలి ఆడటం ముఖ్యం, మధ్యలో ప్లాస్టిక్ తెర పెట్టి వదిలేస్తే సరిపోదు.

చివరగా, బడుల్లాంటి నెలల తరబడి మూసిన భవనాలు. తాళం తీయగానే ఊడ్చి, తుడిచి, రిబ్బన్ కడతారు. పైపుల్లో నిలవ ఉన్న నీళ్లను ఎవరూ పట్టించుకోరు. వాటిలో క్లోరిన్ ఎప్పుడో పోయి ఉంటుంది, గోరువెచ్చటి నీళ్లలో లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. ఆ నీటి తుంపర్లు పీలిస్తే న్యుమోనియా రావచ్చు. అందుకని ముందు ట్యాంకు కడిగించి కొత్త నీళ్లు నింపండి. తర్వాత అన్ని కుళాయిలూ, షవర్లూ తుంపర్లు లేవకుండా నెమ్మదిగా వదిలిపెట్టి ఉంచండి. పనిచేసేవాళ్లకు మంచి మాస్కులివ్వండి. ట్యాంకుకు అన్నిటికంటే దూరంగా ఉన్న కుళాయి దగ్గర క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు చూపించాకే తాళంచెవులు హెడ్మాస్టరుకు ఇవ్వండి.