పాత మోడల్ ఎం కీబోర్డు రిపేర్: కీ పనిచెయ్యకపోతే కీ పోయినట్టు కాదు

పాత మెకానికల్ కీబోర్డు, అంటే ప్రతి కీ కింద విడిగా స్ప్రింగు ఉండేది, చేతికి దొరికితే చాలామంది ముందు స్క్రూడ్రైవర్ తీస్తారు, అలా చెయ్యకండి, ముందు దాన్ని తిప్పి వెనకాల లేబుల్ చూడండి. ఐబీఎం మోడల్ ఎం అయితే పార్ట్ నంబరు, తయారైన తేదీ రెండూ అక్కడే ఉంటాయి, 1391401 అని కనిపిస్తే మీకు బాగా దొరికే రకమే పడింది. ఈ కీబోర్డుల తయారీ 1991లో లెక్స్‌మార్క్ కంపెనీకి, 1996లో యూనికాంప్ కంపెనీకి మారింది, యూనికాంప్ ఇప్పటికీ వీటిని చేస్తూనే ఉంది కాబట్టి విడిభాగాలకి భయపడక్కర్లేదు. ఇక్కడ ఎక్కువగా ఈ మోడల్ ఎం గురించే చెప్తాను, ఎందుకంటే నేను విప్పి బాగుచేసినవాటిలో ఎక్కువ ఇవే, పైగా తెలిసోతెలియకో అందరూ పాడుచేసేవీ ఇవే.

ముందు లోపల ఏం జరుగుతుందో తెలియాలి, అది తెలిస్తే రిపేరు సగం అయినట్టే. కీ నొక్కితే కింద స్ప్రింగు నలిగి నలిగి ఒక్కసారిగా పక్కకి వంగిపోతుంది, ఆ వంగడంలో దాని అడుగున ఉన్న చిన్న ప్లాస్టిక్ సుత్తి ఊగి మెంబ్రేన్‌ని, అంటే ఏ కీ నొక్కారో పట్టుకునే పల్చటి పొరని, కొడుతుంది, టక్కుమనే చప్పుడు అక్కడిదే. పైన స్ప్రింగులుండే ప్లాస్టిక్ ప్లేటు, కింద ఇనప ప్లేటు, రెండిటి మధ్యలో మెంబ్రేన్, ఇవన్నీ కలిపి బిగించి పట్టుకునేవి ప్లాస్టిక్ రివెట్లు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ ప్లాస్టిక్ పెళుసైపోయి రివెట్ల తలలు ఒక్కొక్కటీ ఊడిపోతాయి, ప్లేట్ల మధ్య సందు పడుతుంది, సుత్తి కొట్టినా దెబ్బ సరిగ్గా తగలదు. కీ పోయిందనుకునేవాటిలో చాలావాటికి అసలు జబ్బు ఇదే.

సరే, పని మొదలుపెడదాం. ముందు కంప్యూటరుకి తగిలించి ప్రతి కీ నొక్కి ఏది పనిచేస్తోందో ఏది చెయ్యట్లేదో కాగితం మీద రాసుకోండి. వీటిలో చాలావాటికి పీఎస్2 అనే పాతకాలం గుండ్రటి పిన్ను ఉంటుంది, యూఎస్‌బీకి మార్చాలంటే లోపల చిప్పు ఉన్న కన్వర్టరే కావాలి, పిన్ను ఆకారం మాత్రమే మార్చే ఆ చిన్న ముక్కలు పనికిరావు, ఎందుకంటే ఈ కీబోర్డుకి యూఎస్‌బీ భాషే తెలియదు. కొన్ని చవక కన్వర్టర్లు దీనికి కావల్సినంత కరెంటు ఇవ్వలేవు, అందుకని కన్వర్టరు మార్చి చూడకుండా కీబోర్డు చచ్చిపోయిందని తేల్చెయ్యకండి.

తర్వాత పైనుంచి ఒక ఫోటో తీసి కీక్యాపులు, అంటే అక్షరాలుండే పై ముక్కలు, పీకండి. పీకేటప్పుడు నిటారుగా పైకి లాగండి, పక్కకి మెలిపెడితే లోపలి స్ప్రింగు వంకరపోతుంది. స్పేస్ బార్ కింద తీగ ఉంటుంది, దాన్ని మాత్రం మెల్లిగా రెండు వైపులా లేపుతూ తియ్యాలి. ఎంటర్, షిఫ్ట్ లాంటి పెద్ద కీల కింద చిన్న ప్లాస్టిక్ గొట్టాలు కూడా ఊడొస్తాయి, అవి చెత్తలో పోకుండా ఒక డబ్బాలో వేసుకోండి. క్యాపుల్ని గోరువెచ్చటి నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బు కొంచెం వేసి నానబెట్టి, మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలు, మరిగే నీళ్ళు వద్దు, అసిటోన్ అసలే వద్దు, చాలా ప్లాస్టిక్‌ల్ని అది కరిగించేస్తుంది. ఒక రోజంతా ఆరనివ్వండి. క్యాపు లోపల గొట్టంలో ఒక చుక్క నీళ్ళు మిగిలినా అది నేరుగా స్ప్రింగు మీద పడుతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. నేనొకసారి ఆగలేక సాయంత్రానికే బిగించేశాను, కొన్ని వారాలకి విప్పి చూస్తే మూడు స్ప్రింగుల మొదట్లో ఎర్రటి పొడి కనిపించింది.

ఇప్పుడు డొప్ప విప్పాలి. వెనకాల లోతైన గుంటల్లో నాలుగు మరలుంటాయి, వాటికి మామూలు స్క్రూడ్రైవర్ పట్టదు, 5.5 మిల్లీమీటర్ల బాక్స్ స్పానరు కావాలి, అదీ గోడ పల్చగా ఉన్నదే, లావుది గుంటలోకి దిగదు. మరలు తీశాక వెనక వైపు నుంచి పైకెత్తితే డొప్ప వచ్చేస్తుంది. సర్క్యూట్ బోర్డులోకి వెళ్ళే పల్చటి రిబ్బన్లు ఉంటాయి, వాటిని వంచకుండా తిన్నగా లాగండి, అవి చిరిగితే మెంబ్రేనే మార్చాల్సొస్తుంది. దుమ్ము, వెంట్రుకలు అన్నీ బ్రష్‌తో తీసెయ్యండి, ప్లాస్టిక్ ప్లేటుని తడిబట్టతో తుడవండి, మెంబ్రేన్ వైపు నీళ్ళు పోనివ్వకండి.

ఇనప ప్లేటు వెనక్కి తిప్పి రివెట్ల తలలు లెక్కపెట్టండి. అసలు విప్పకముందే కీబోర్డుని చెవి దగ్గర పెట్టుకుని మెల్లిగా ఊపితే లోపల గింజలు కదిలినట్టు చప్పుడొస్తుంది, అవి ఊడిపడ్డ తలలే. నేను విప్పిన ఒకదాంట్లోంచి బల్ల మీదకి పదకొండు నల్లటి తలలు రాలాయి. ఒకటీ రెండూ పోయుంటే, కీలన్నీ పనిచేస్తుంటే, వదిలెయ్యండి, పనిచేసేదాన్ని కెలకడం మంచిది కాదని నా అభిప్రాయం. ఒక మూల మొత్తం ఊడిపోయుంటే మాత్రం బోల్టులు వెయ్యాల్సిందే.

బోల్టుల పని ఒక పూట తింటుంది, తొందరపడితే మొదటికే మోసం. స్ప్రింగుల వైపు కిందకి ఉండేలా టవల్ మీద బోర్లించి, మిగిలిన రివెట్ తలల్ని పదునైన ఉలితో చెక్కెయ్యండి, ఇనప ప్లేటు లేస్తుంది, దాని కింద మెంబ్రేన్, దాని కింద రబ్బరు పొర, ఆ కింద సుత్తులు స్ప్రింగులతో సహా. వాటన్నిటినీ తీసి పక్కన పెట్టాకే డ్రిల్లు పట్టుకోండి. ఒక్కో రివెట్ మొండెం మధ్యలో వేడి సూదితో చిన్న గుంట పెట్టి అప్పుడు 1.5 మిల్లీమీటర్ల బిట్టుతో నిలువుగా తొలవండి, గుంట లేకపోతే బిట్టు జారి పక్కనున్న స్ప్రింగు గొట్టాన్ని చీలుస్తుంది, దానికి మళ్ళీ మందు లేదు. ఎం2 బోల్టులు, అంటే 2 మిల్లీమీటర్ల లావువి, 8 మిల్లీమీటర్ల పొడుగువి, నట్లు ఇనప ప్లేటు వైపు. మళ్ళీ పేర్చేటప్పుడు సుత్తులన్నీ వాటి చోట్లలో కూర్చున్నాయో లేదో చూసి, రబ్బరు పొర, మెంబ్రేన్, ప్లేటు వరసగా వేసి, మధ్యలోంచి మొదలుపెట్టి అంచులకి వెళ్తూ బిగించండి, మరీ బిగిస్తే నొక్కకుండానే కీలు పడుతుంటాయి. సగం బిగించాక ఒక్కో స్ప్రింగుని వేలితో పక్కకి వంచి చూడండి, ప్రతిదీ టక్కుమనాలి, మూగగా ఉన్నదాని సుత్తి పక్కకి జరిగిందని అర్థం.

మీ దగ్గరున్నది ప్రతి కీకీ విడి స్విచ్ ఉండే చెర్రీ ఎంఎక్స్ రకం కీబోర్డైతే ఇంత పని ఉండదు, పనిచెయ్యని స్విచ్ టంకం కరిగించి తీసి ఇంకోటి పెట్టడమే. ఆల్ప్స్ అనే ఇంకో రకం స్విచ్చులైతే దుమ్ము అస్సలు సరిపడదు వాటికి, ఒకసారి లోపలికి దుమ్ము దూరితే నొక్కుడు గరుకుగా మారిపోతుంది, అందుకే శుభ్రంగా ఉన్నవే కొనుక్కోవడం మేలు. పసుపెక్కిన ప్లాస్టిక్‌ని హైడ్రోజన్ పెరాక్సైడ్ రాసి ఎండలో పెడితే తెలుపొస్తుంది, కానీ చేతికి గ్లౌజులు ఉండాలి, ఎగుడుదిగుడుగా రాస్తే చారలు పడతాయి, ఆ తెలుపు శాశ్వతం కూడా కాదు. నేనైతే ఆ పసుపుని అలాగే ఉంచేస్తాను.

ఇక ఆఖరిది, క్యాపులు పెట్టడం. కీబోర్డుని బల్ల మీద పడుకోబెట్టి పెట్టకండి, స్పేస్ బార్ వైపు పైకి ఉండేలా నిలబెట్టి పెట్టండి, అప్పుడు స్ప్రింగులన్నీ ఒకే వైపుకి వాలి క్యాపు లోపలి ముక్కుకి సరిగ్గా దొరుకుతాయి. ఈ ఒక్క సంగతి తెలియక నేను మెంబ్రేన్ పోయిందనుకుని మొత్తం రెండోసారి విప్పాను, తీరా చూస్తే నాలుగు క్యాపులు స్ప్రింగు మీద కూర్చోలేదు అంతే. పెట్టిన ప్రతి కీనీ అక్కడికక్కడే నొక్కి వినండి, చప్పుడు రాకపోతే పీకి మళ్ళీ పెట్టండి, అన్నీ అయ్యాక మొదట్లో రాసుకున్న కాగితం తీసి, అప్పుడు పనిచెయ్యని కీలు ఇప్పుడు పనిచేస్తున్నాయేమో ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ వెళ్ళండి.