ఒకేలా కనిపించే చెస్ ఓపెనింగ్స్‌ని గుర్తుపట్టడం ఎలా?

మొదటి ఎత్తు చూడగానే ఓపెనింగ్ (ఆట మొదట్లో ఆడే ఎత్తుల వరస) పేరు చెప్పేయడం చాలామందికి అలవాటు. నాకూ ఉండేది. తెలుపు డి4తో (బంటుని డి4 గడికి జరిపి; గడి పేరు ఒక్కటే చెబితే అది బంటు ఎత్తు) మొదలుపెట్టి, నలుపు ఇ6 ఆడాక ఇ4 వేస్తే ఏమవుతుంది? అచ్చంగా ఫ్రెంచ్ డిఫెన్స్. దారి వేరు, చేరిన చోటు ఒకటే. దీన్నే ట్రాన్స్‌పొజిషన్ అంటారు. అందుకే పేరు కోసం తొందరపడకుండా నాలుగైదు ఎత్తుల దాకా ఆగండి.

మొదట బంట్లు చూడండి

ఫ్రెంచ్, కారో-కాన్ రెండింట్లోనూ తెలుపు ఇ4, డి4 ఆడుతుంది, నలుపు బంటు డి5కి వస్తుంది. ఆ బంటుకి అండగా ఉన్నది ఇ6 బంటైతే ఫ్రెంచ్, సి6 బంటైతే కారో-కాన్. తేడా చిన్నదే అనిపిస్తుంది కానీ ఆటంతా దాని మీదే నడుస్తుంది. ఇ6 బంటు సి8లోని బిషప్‌కి దారి మూసేస్తుంది. కారో-కాన్‌లో ఆ దారి తెరిచే ఉంటుంది కాబట్టి, తెలుపు బంటుని ఇ5కి తోస్తే నలుపు బిషప్ హాయిగా ఎఫ్5కి వచ్చేస్తుంది. దానికి మూల్యం లేకపోలేదు. తెలుపు డి4 బంటు మీద సి5తో దాడి చేయాలంటే ఫ్రెంచ్‌లో ఒక్క ఎత్తు చాలు, కారో-కాన్‌లో ఆ బంటు సి6లో ఆగి వచ్చింది కాబట్టి రెండు ఎత్తులు పడతాయి.

సి6, డి5 జంట కనిపించిందని కారో-కాన్ అనుకోకండి. తెలుపు బంట్లు డి4, సి4 మీద ఉంటే అది స్లావ్.

బంట్లు తేల్చకపోతే పావులు

రూయ్ లోపెజ్, ఇటాలియన్ రెండూ ఇ4, ఇ5, గుర్రం ఎఫ్3, గుర్రం సి6తో మొదలవుతాయి. వాటి మధ్య తేడా ఒక్క చూపులో తెలుస్తుంది. తెలుపు బిషప్ బి5లో ఉంటే మొదటిది, సి4లో ఉంటే రెండోది. ఓపెన్ సిసిలియన్‌లో (తెలుపు ఇ4కి నలుపు సి5 ఆడాక, తెలుపు గుర్రాన్ని ఎఫ్3కి తెచ్చి డి4 ఆడేది) నలుపు రెండో ఎత్తు డి6 అయితే ఐదో ఎత్తు దాకా ఓపిక పట్టాలి. అప్పుడు ఎ6 ఆడితే నైడార్ఫ్, జి6 ఆడితే డ్రాగన్, గుర్రం సి6కి వస్తే క్లాసికల్, ఇ6 ఆడితే స్కెవెనింగెన్.

తర్వాత ఎత్తుల వరస

అసలు చిక్కంతా ఇక్కడే. ఇటాలియన్‌లో నలుపు మూడో ఎత్తుగా బిషప్‌ని సి5కి తేవచ్చు, లేదా గుర్రాన్ని ఎఫ్6కి. తెలుపు నెమ్మదిగా డి3 ఆడి, నలుపు మిగిలిన పావుని కూడా బయటికి తెస్తే రెండు దారులూ ఒకే పొజిషన్‌లో కలుస్తాయి. మరి ఏది ముందు ఆడితే ఏంటి? తెలుపు వెంటనే గుర్రాన్ని జి5కి దూకించి ఎఫ్7 మీద గురిపెడితే తెలుస్తుంది. బిషప్ ముందు వచ్చి ఉంటే నలుపు క్వీన్ డి8 నుంచే ఆ గుర్రాన్ని తినేస్తుంది. గుర్రం ముందు వచ్చి ఉంటే అదే క్వీన్‌కి అడ్డు, బెదిరింపు నిజమైనదే. అందుకే ప్రతి ఎత్తుకీ ఒక ప్రశ్న వేసుకోండి: ఇది ఇప్పుడే ఆడితే ఎదుటివారికి ఏ అవకాశం ఇస్తున్నాను?

తెలుపు ఇ4కి నలుపు ఇచ్చే జవాబులైన పిర్క్, మోడర్న్‌లను నేను చాలాకాలం ఒకటే అనుకున్నాను. పిర్క్‌లో నలుపు గుర్రం ముందే ఎఫ్6కి వచ్చి ఇ4 బంటుని బెదిరిస్తుంది. దాన్ని కాయడానికి తెలుపు సాధారణంగా గుర్రాన్ని సి3లో పెడుతుంది, దాంతో సి బంటు వెనక ఇరుక్కుపోతుంది. మోడర్న్‌లో నలుపు ముందు జి6, తర్వాత బిషప్ జి7 ఆడుతుంది. ఒత్తిడి లేదు కాబట్టి తెలుపు సి4 ఆడేయగలదు. ఆ తర్వాత నలుపు డి6, గుర్రం ఎఫ్6 ఆడితే కింగ్స్ ఇండియన్‌లో తేలుతుంది. ఒక గేమ్‌లో నేను సరిగ్గా అలాగే, ఒక్క లైన్ కూడా చదవని ఓపెనింగ్‌లోకి నా అంతట నేనే నడిచి వెళ్లాను.

ఇలా ప్రాక్టీస్ చేయండి

రెండు బోర్డులు పక్కపక్కన పెట్టి, రెండు ఓపెనింగ్స్‌ని ఎత్తు ఎత్తుకీ కలిపి ఆడుతూ, మొదటి తేడా దగ్గర ఆగండి. అనాలిసిస్ బోర్డులో ఆడుతుంటే పైన ఓపెనింగ్ పేరు మారుతూ ఉంటుంది. అక్కడా ఆగి కారణం వెతకండి. ఓపెనింగ్స్‌ని వర్గీకరించే ఎ00 నుంచి ఇ99 వరకు ఉన్న 500 ఇసిఓ (ECO) కోడ్‌లు కూడా పనికొస్తాయి: కారో-కాన్ బి10–బి19, స్లావ్ డి10–డి19.

మొదలుపెట్టడానికి గ్రున్‌ఫెల్డ్, కింగ్స్ ఇండియన్ మంచి జత. డి4, గుర్రం ఎఫ్6, సి4, జి6, గుర్రం సి3. ఇక్కడిదాకా రెండూ ఒకటే. ఇప్పుడు డి5 ఆడితే గ్రున్‌ఫెల్డ్. బిషప్ జి7 తర్వాత చూద్దాంలే అనుకుంటే, తెలుపు ఇ4 ఆడిన మరుక్షణం గ్రున్‌ఫెల్డ్ చేజారిపోతుంది.