పండక్కి బయల్దేరే ముందు: బండి లాగకపోతే తొక్కకండి

మొన్న ఆదివారం కోదాడలో మా షెడ్డు ముందు ఒక పెట్రోల్ కారును క్రేన్ దించి పోయింది. ఆయిల్ పోసే మూత తిప్పి చూస్తే లోపల మీగడలా తెల్లగా పేరుకుని ఉంది. ఆయిల్ కొలిచే పుల్ల, అదే డిప్‌స్టిక్, తీస్తే ఆయిల్ పాలు పోసిన టీ రంగులో ఉంది. ఆ రంగు చూశాక ఇంక అడగడానికి ఏమీ ఉండదు. ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ ఆయిల్లో కలిసింది, ఇంజన్ పై భాగమైన హెడ్ కింద ఉండే సీలు, అదే హెడ్ గ్యాస్కెట్, పోయింది. అయినా అడిగాను.

"సూర్యాపేట దాటాక పికప్ తగ్గింది అన్నా. ఏసీ కూడా వేడిగాలి కొట్టింది. కోదాడ దగ్గరే కదా, వచ్చేద్దాం అని కొంచెం గట్టిగా తొక్కాను."

ఆ "కొంచెం గట్టిగా" ఖరీదు 60 వేలు దాటింది. అసలు పగిలింది రేడియేటర్ దగ్గర ఒక హోస్ పైపు, 400 రూపాయల వస్తువు.

ఇంకొన్ని రోజుల్లో హైదరాబాద్-విజయవాడ హైవే మీద పంతంగి టోల్ దగ్గర బండ్లు బారులు తీరతాయి. టైర్లలో గాలి, స్టెప్నీ, ఆయిల్ లెవెల్ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. నేను చెప్పేది ఒకటే. నడుస్తున్న బండి ఉన్నట్టుండి లాగడం మానేస్తే యాక్సిలరేటర్ మీంచి కాలు తీయండి. ఇప్పటి కార్లలో ఇంజన్‌కి ఇబ్బంది వస్తే కంప్యూటరే పవర్ తగ్గిస్తుంది. మరీ వేడెక్కితే ఏసీ కంప్రెసర్ కూడా ఆపేస్తుంది. అది వద్దంటుంటే మీరు తొక్కుతున్నారు.

టెంపరేచర్ ముల్లు మామూలుగానే ఉంది కదా అంటారు చాలామంది. కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సర్‌కి తగలడానికి నీళ్లే ఉండవు. అప్పుడు ముల్లు పైకి లేవకపోవచ్చు, ఉన్నది కాస్తా కిందికి జారొచ్చు కూడా. అనుమానం వస్తే హీటర్ పెట్టి చూడండి. కాసేపటి క్రితం దాకా నడిచిన ఇంజన్ హీటర్‌లోంచి చల్లగాలి వస్తోందంటే లోపల కూలెంట్ లేదనే లెక్క, వెంటనే ఆపండి. కూలెంట్ ఉండి ముల్లు ఎక్కుతుంటే మాత్రం ఏసీ తీసేసి హీటర్ ఫుల్ పెట్టండి. పక్కకి తీసేదాకా ఇంజన్ వేడిని అది కొంత లాగేస్తుంది. ఉక్కపోతకి ఎవరూ చావరు.

పవర్ ఎలా తగ్గిందో గమనించండి

ఆర్పీఎం (ఇంజన్ తిరిగే వేగం) లేస్తోంది, స్పీడు పెరగడం లేదు, కాలిన వాసన వస్తోంది: క్లచ్ జారుతోంది. ఇక్కడ తొక్కినకొద్దీ క్లచ్ ప్లేటే అరుగుతుంది.

ఆర్పీఎం ఎంత తొక్కినా ఒకచోట ఆగిపోతోంది, పసుపు రంగు ఇంజన్ లైటు నిలకడగా వెలుగుతోంది: బండి తనను తాను కాపాడుకునే మోడ్‌లోకి వెళ్లింది. ఎర్ర లైటు ఏదీ లేకపోతే ఎడమ పక్కన నెమ్మదిగా దగ్గర్లోని షెడ్డు దాకా వెళ్లొచ్చు. ఆపి స్టార్ట్ చేస్తే ఒక్కోసారి పికప్ తిరిగి వస్తుంది. బాగైపోయిందని సంబరపడి మళ్లీ 100లో పోకండి.

అదే ఇంజన్ లైటు మిణుకుమంటూ బండి కుదుపులు కొడితే మిస్సింగ్, అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా మండడం లేదు. కాలని పెట్రోల్ సైలెన్సర్ వైపు పోయి పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది, అది ఎర్రగా కాలుతుంది. స్పార్క్ ప్లగ్‌కి కరెంటిచ్చే కాయిల్‌తో పోయే పనికి కన్వర్టర్ కూడా బలవుతుంది. ఆపేటప్పుడు ఎండుగడ్డి మీద ఆపకండి.

డీజిల్ బండి ఐడిల్‌లో బాగుండి ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు చచ్చిపోతుంటే ముందు డీజిల్ ఫిల్టర్ చూపించండి. తొక్కగానే నల్ల పొగ, కూతలాంటి చప్పుడు ఉంటే ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో పైపు ఊడిందో చిరిగిందో. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 డీజిల్ కార్లు ఊళ్లోనే తిరుగుతుంటే డీపీఎఫ్ అనే పొగ ఫిల్టర్‌లో మసి నిండి కూడా పవర్ పడిపోతుంది. దాని లైటు పండక్కి వారం ముందే వెలిగి ఉంటుంది, మీరు పట్టించుకుని ఉండరు.

చక్రం దగ్గర కాలిన వాసన వస్తే బ్రేక్ పట్టేసింది. చేత్తో ముట్టుకుని చూడకండి, నీళ్లు కొట్టకండి.

ఇక మిగతావి వరసగా రాసేస్తున్నాను.

ఆయిల్ లైటు ఎర్రగా వెలిగితే షెడ్డు ఎంత దగ్గర్లో ఉన్నా ఇంజన్ ఆపాల్సిందే.

బండి నడుస్తుండగా ఇంజన్ ఆగిపోతే స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేక్ ఒకటి రెండు సార్లే మామూలుగా పడుతుంది. ఊరికే పంపు చేయకండి, ఒక్కసారి గట్టిగా నొక్కి పట్టండి. కీ బయటికి లాగకండి, స్టీరింగ్ లాక్ పడుతుంది.

లేన్ మధ్యలో ఆపి బానెట్ ఎత్తకండి. బండి కదులుతున్నంతసేపూ ఎడమ పక్కకే తీయండి.

ఎర్ర హెచ్చరిక ట్రయాంగిల్ కనీసం 50 మీటర్ల వెనక పెట్టండి. 100లో వచ్చే బండికి ఆ 50 మీటర్లు రెండు సెకన్లు కూడా కాదు. చెట్టుకొమ్మ, రాయి పెట్టకండి.

అందరూ దిగి రెయిలింగ్ అవతల నిలబడండి. పిల్లలు నిద్రపోతున్నారని లోపల వదలకండి. బండి వెనక నిలబడి ఫోన్ మాట్లాడకండి.

రేడియేటర్ మూత వేడి మీద తిప్పకండి. గుడ్డ వేసినా తిప్పకండి. అరగంట, ముప్పావు గంట ఆగండి. ముఖం కాలిన మనిషిని నేను చూశాను.

వేడి ఇంజన్ మీద చన్నీళ్లు కుమ్మరించకండి. హెడ్ చీలొచ్చు.

చల్లారాక నీళ్లు పోస్తే వెంటనే కిందికి కారుతున్నాయా? మళ్లీ స్టార్ట్ చేయకండి. పది కిలోమీటర్లే కదా అని అస్సలు తొక్కకండి.

పెట్రోల్ పావు ట్యాంకు కిందికి రానివ్వకండి. లోపలున్న పంపును చల్లబరిచేది ఆ పెట్రోలే.

ఆటోమేటిక్ కారును తాడు కట్టి లాగించకండి. నాలుగు చక్రాలూ పైకెక్కే బండినే పిలవండి.

నేషనల్ హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేసి రోడ్డు పక్క రాయి మీదున్న కిలోమీటరు నంబరు చెప్పండి. "సూర్యాపేట దాటాక" అంటే వాళ్లకేం తెలుస్తుంది?

మెకానిక్‌కి ఫోన్ చేసినప్పుడు ఏ లైటు, ఏ రంగు, పొగ ఉందా, పవర్ మెల్లగా తగ్గిందా ఒక్కసారే పోయిందా చెప్పండి. ఆ తర్వాత ఎంత దూరం తొక్కుకుంటూ వచ్చారో కూడా నిజం చెప్పండి. డిప్‌స్టిక్ తీస్తే మాకు ఎలాగూ తెలిసిపోతుంది.