వారంటీలో ఉన్న మదర్‌బోర్డు పాడైతే రీప్లేస్‌మెంట్ ఎలా తీసుకోవాలి?

మదర్‌బోర్డును బట్టల షాపు క్యారీ బ్యాగులో వేసుకుని సర్వీస్ సెంటర్‌కు వచ్చేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. పైన కవర్ ఉండదు, ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌కు మూత ఉండదు. పది రోజుల తర్వాత అదే మనిషి అదే కౌంటర్ దగ్గర నిలబడి ‘నేను ఇచ్చినప్పుడు బాగానే ఉంది సార్’ అని బతిమాలుతుంటాడు. అప్పటికే కాగితం మీద ‘ఫిజికల్ డ్యామేజ్’ అని పడిపోయి ఉంటుంది. ఆ రెండు మాటలు పడ్డాక వారంటీ ఇంకా రెండేళ్లు ఉన్నా ఉపయోగం లేదు.

హైదరాబాద్‌లో పద్నాలుగేళ్లుగా కంప్యూటర్లు అసెంబుల్ చేస్తున్నాను. తెలిసినవాళ్ల పార్టులు పట్టుకుని నెలకు రెండుసార్లైనా సర్వీస్ సెంటర్ మెట్లు ఎక్కుతాను. వారంటీ గొడవ రిజెక్ట్ అయిన రోజు మొదలవుతుందని అందరూ అనుకుంటారు. నిజానికి పార్టు మన చేతిలోంచి వాళ్ల చేతిలోకి వెళ్లే ఆ ఐదు నిమిషాల్లోనే అది తేలిపోతుంది. మిగతా పనులు ఎవరైనా చేస్తారు. ఆ ఐదు నిమిషాల దగ్గరే అందరూ దెబ్బతింటున్నారు.

1. పాడైంది ఆ పార్టేనా?

ర్యామ్ అయితే ఒక్కో స్టిక్ విడిగా పెట్టి చూడండి, స్లాట్ మార్చి చూడండి, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్‌ను రాత్రంతా నడపండి. ఎస్‌ఎస్‌డీ అయితే, డిస్క్ ఎలా ఉందో చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రామ్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మదర్‌బోర్డు మీద అనుమానముంటే, ముందు బాగా పనిచేస్తున్న ఇంకో పవర్ సప్లై తగిలించి చూడండి. బోర్డు చచ్చిపోయిందని తెచ్చినవాటిలో పవర్ సప్లై పోయినవే నాకు చాలా తగిలాయి. సమస్య కనిపిస్తున్నప్పుడు ఫోన్‌లో ఒక చిన్న వీడియో తీస్తే ఈ పని అయిపోయినట్టే.

ఒక్క విషయం మాత్రం చెప్పాలి. ఇంటెల్ 13, 14వ తరం ఐ7, ఐ9 డెస్క్‌టాప్ ప్రాసెసర్లున్న సిస్టమ్ ఆటల మధ్యలో ఊరికే క్రాష్ అవుతుంటే బోర్డును తిట్టకండి. ఆ ప్రాసెసర్లలో వోల్టేజ్ లోపం ఉందని కంపెనీయే ఒప్పుకుంది. బాక్సులో వచ్చిన వాటికి 2024లో వారంటీని మరో రెండేళ్లు పెంచి ఐదేళ్లు చేసింది. మూడేళ్లు దాటాయి కదా అని సొంత డబ్బుతో కొత్తది కొన్నవాళ్లు నాకు తెలుసు. ఎంత అన్యాయమో చూడండి.

2. బిల్లు

జీఎస్టీ బిల్లు ఉండాలి, దాని మీద పార్టు సీరియల్ నంబర్ ఉండాలి. ఎస్టిమేట్ స్లిప్పు, కొటేషన్, షాపువాడి విజిటింగ్ కార్డు వెనక రాసిన లెక్క ఇవేవీ బిల్లు కావు. ‘బిల్లు లేకుండా అయితే ఇంత తగ్గిస్తాం’ అనే మాట సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో తిరిగిన ప్రతివాడికీ తెలుసు. ఆ 18 శాతం పన్ను మిగిలిందని సంతోషపడకండి, దాంతోపాటు వారంటీ కూడా అక్కడే వదిలేసి వస్తున్నారు. బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. గట్టిగా అడగండి.

థర్మల్ పేపర్ మీద ఇచ్చిన బిల్లు ఏడాదికే తెల్లకాగితం అవుతుంది. కొన్నరోజే ఫొటో తీసి మీకు మీరే ఈమెయిల్ చేసుకోండి. అలాగే సీరియల్ నంబర్‌ను కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. బయటి దేశం నుంచి వచ్చిన సరుకైతే ఇక్కడ వారంటీ చూపించకపోవచ్చు. అది కొన్న వారంలో తెలిస్తే షాపుతో మాట్లాడుకోవచ్చు, రెండేళ్ల తర్వాత తెలిస్తే ఏం చేయగలం?

3. విప్పడం

ప్రాసెసర్, ర్యామ్, ఎం.2 ఎస్‌ఎస్‌డీ తీసేయండి. వేరే ప్రాసెసర్ కూలర్ కోసం బోర్డు వెనకాల ప్లేటు మార్చి ఉంటే, బోర్డుతో వచ్చిన అసలు ప్లేటు మళ్లీ బిగించండి. ఏఎండీ ప్రాసెసర్ల పాత సాకెట్ అయిన ఏఎం4 బోర్డుల విషయంలో చాలామంది ఇది మరిచిపోతారు. మీరు ఇచ్చేది ఎస్‌ఎస్‌డీ అయితే మాత్రం పాతది తిరిగిరాదు, అందులోని డేటా కూడా రాదు. కాపీ తీసుకునే వీలుంటే ముందే తీసుకోండి.

4. సాకెట్, ఫొటోలు, కౌంటర్

ఇక్కడ నెమ్మదిగా చదవండి.

ఇంటెల్ 12, 13, 14వ తరం ప్రాసెసర్లు కూర్చునే సాకెట్ పేరు ఎల్‌జీఏ 1700. అంటే 1700 పిన్నులు. వెంట్రుకల్లాంటి ఆ పిన్నులు స్ప్రింగులా ఒక పక్కకు వంగి నిలబడి ఉంటాయి. చొక్కా చేతి దారం తగిలినా వంగిపోతాయి. ఏఎండీ వాళ్లకు ఈ బాధ లేదని ఇప్పటికీ కొందరు అంటుంటారు. ఏఎం4 వరకు అది నిజమే, అప్పుడు పిన్నులు ప్రాసెసర్‌కే ఉండేవి. 2022లో వచ్చిన ఏఎం5తో అక్కడా పిన్నులు సాకెట్‌లోకి వచ్చేశాయి, మొత్తం 1718. ఇప్పుడు ఇద్దరిదీ ఒకటే పరిస్థితి.

ప్రాసెసర్ తీయగానే సాకెట్‌ను ఒక్క నిమిషం కూడా తెరిచి ఉంచకండి. బోర్డు కొన్నప్పుడు సాకెట్ మీద నల్ల ప్లాస్టిక్ మూత ఒకటి వచ్చింది, గుర్తుందా? అదే ఇప్పుడు మీ ఆస్తి. ఆ మూత ఉంటేనే రీప్లేస్‌మెంట్‌కు తీసుకుంటామని కొన్ని కంపెనీల మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. అసెంబుల్ చేసిన రోజే దాన్ని చెత్తబుట్టలో వేసేవాళ్లే ఎక్కువ. పారేసి ఉంటే అదే సాకెట్‌కు సరిపోయే మూత ఎవరైనా అసెంబ్లర్‌ను అడిగి తెచ్చుకోండి. ఎల్‌జీఏ 1700 బోర్డుకైతే ముందు ఇనుప ప్లేటు మూసేయాలి. తర్వాత మూత ఒక అంచును ప్లేటుకు ఆనించి, రెండో అంచును మెల్లగా నొక్కాలి. టక్‌మని శబ్దం వస్తుంది. మూతను వంకరగా పైనుంచి గుద్దితే అదే పిన్నుల మీదికి దిగుతుంది. తొందరపడకండి.

మూత పెట్టేముందే ఫొటోలు. ఫోన్ ఫ్లాష్ వాడొద్దు, పైనుంచి పడే వెలుగులో అన్ని పిన్నులూ ఒకేలా మెరిసి ఏమీ కనపడదు. గదిలో లైటు తగ్గించి, చిన్న టార్చిని బోర్డు ఎత్తులోనే పక్క నుంచి పట్టుకోండి. పిన్నుల కొనలు వరి నారు వరసల్లా మెరుస్తాయి. ఎక్కడైనా వంగి ఉంటే ఆ వరసలో చిన్న నల్ల ఖాళీ కనిపిస్తుంది. టార్చిని నాలుగు వైపుల నుంచీ పట్టి నాలుగు ఫొటోలు తీయండి. వంగిన పిన్ను ఇప్పుడే కనపడితే, అది మీ దగ్గరే వంగింది. దాన్ని దాచి తీసుకెళ్లి కౌంటర్‌లో గొడవపడకండి.

తర్వాత మధ్యలో ఆపకుండా ఒకే వీడియో తీయండి. సీరియల్ నంబర్ స్టిక్కర్‌తో మొదలుపెట్టి సాకెట్ మీదికి రండి, మూత పెట్టండి, బోర్డు వెనకవైపు చూపించండి, స్టాటిక్ కరెంటు తగలకుండా కాపాడే యాంటీ స్టాటిక్ కవర్లో పెట్టండి. సీరియల్ నంబర్ ఒక వీడియోలో, సాకెట్ ఇంకో వీడియోలో ఉంటే ‘అది వేరే బోర్డు’ అనేస్తారు. ఆ అసలు ఫైల్‌ను ఫోన్‌లోనే ఉంచి, ఒక కాపీ ఈమెయిల్‌కు పంపుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో మసకబారుతుంది, తీసిన సమయం వివరాలు కూడా పోతాయి.

ఇదంతా నాకు 2022 వానాకాలంలో తెలిసొచ్చింది. ఒక కస్టమర్ బోర్డు తీసుకెళ్లి ఇచ్చాను. మూత పెట్టే ఇచ్చాను, ఫొటో తీయలేదు. పార్టు తీసుకున్నట్టు సర్వీస్ సెంటర్ ఇచ్చే జాబ్‌షీట్‌లో ‘కండిషన్’ అన్న చోట వాళ్లు ఏమీ రాయలేదు, నేనూ చూసుకోలేదు. తొమ్మిదో రోజు ఫోన్ వచ్చింది, సాకెట్‌లో ఆరు పిన్నులు వంగి ఉన్నాయట. ఫొటో పంపమంటే పంపారు. ఎడమవైపు మూలన ఆరు పిన్నులు పడుకుని ఉన్నాయి. ఆ ఫొటోలో సీరియల్ నంబర్ లేదు, అది మా బోర్డో కాదో ఆ దేవుడికే తెలియాలి. నా దగ్గర చూపించడానికి ఒక్క ఫొటో లేదు. ఆ కస్టమర్‌కు నా డబ్బుతో కొత్త బోర్డు కొనిచ్చాను. ఆ రోజు నుంచి ఫొటోలు లేకుండా ఒక్క పార్టు కూడా ఇవ్వలేదు.

ఇక కౌంటర్. సోమవారం వెళ్లొద్దు, శనివారం అసలే వద్దు. మంగళవారమో బుధవారమో పొద్దున పదకొండింటికి వెళ్లండి. అక్కడ కూర్చున్నవాళ్లకు మీ బోర్డు చూసే తీరిక ఉంటుంది. కవర్ మీరే విప్పి, మూత మాత్రం వాళ్లనే తీయమనండి. అప్పుడు ఇలా నడుస్తుంది:

‘మేడమ్, సాకెట్ ఒకసారి చూసి, పిన్స్ బాగున్నాయని షీట్‌లో రాయండి.’

‘లోపల ఇంజినీర్ చూశాక రాస్తారు సార్. మాకు ఆ ఆప్షన్ లేదు.’

‘అయితే ఇంజినీర్‌ను ఒక్క నిమిషం పిలవండి మేడమ్, నేను ఆగుతాను.’

గొంతు పెంచకండి, పక్కకు జరగకండి. ఇంజినీర్ వచ్చి చూశాక, రిమార్క్స్‌లో ‘ఫిజికల్ డ్యామేజ్ లేదు, సాకెట్ పిన్స్ ఓకే’ అని టైప్ చేయించండి. సిస్టమ్ ఒప్పుకోదంటే ప్రింట్ తీసిన షీట్ మీద పెన్నుతో రాయించి, సంతకం, ముద్ర తీసుకోండి. సీరియల్ నంబర్‌ను అంకె అంకె సరిచూసుకోండి, ‘8’ని ‘బి’గా కొట్టిన షీట్లు నేను చూశాను.

ఎంత అడిగినా ‘మేం రాయం’ అంటే? బోర్డు వెనక్కి తెచ్చేసుకోమని చెప్పాలని ఉంటుంది గానీ, దూరం నుంచి వచ్చినవాళ్లకు అది కుదరదు. జాబ్ నంబర్ తీసుకుని, ఆ కౌంటర్ దగ్గరి నుంచి కదలకముందే కంపెనీ సపోర్ట్‌కు ఈమెయిల్ పెట్టండి. ‘ఈ రోజు ఇన్ని గంటలకు ఈ సీరియల్ నంబర్ బోర్డు ఇచ్చాను, మీ ఇంజినీర్ నా ఎదుటే సాకెట్ చూశారు, ఫొటోలు జత చేశాను’ అని నాలుగు వాక్యాలు చాలు. మీ మాట మీద ఆ రోజు తేదీ పడుతుంది. ఈ మెయిల్ ఒక్కటే చూపించి, రిజెక్ట్ అయిన రెండు బోర్డులను నేను మళ్లీ ఒప్పించాను.

‘మీరెందుకు తిరగడం అన్నా, మా షాపులో ఇచ్చేయండి, మేం పంపిస్తాం’ అంటారు. ఇవ్వకండి. అక్కడి నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు, అక్కడి నుంచి సర్వీస్ సెంటర్‌కు పోతుంది. ఎవరి చేతిలో పిన్ను వంగిందో ఎవరూ చెప్పరు, చివరికి అది మీ తప్పే అవుతుంది. కొరియర్ కూడా నాకు ఇష్టం లేదు. ఆదిలాబాద్‌లోనో శ్రీకాకుళంలోనో ఉన్నవాళ్లకు తప్పదనుకోండి. అలాంటప్పుడు బోర్డు అసలు బాక్సులోనే, యాంటీ స్టాటిక్ కవర్లో పెట్టి, ఆ బాక్సును ఇంకో గట్టి అట్టపెట్టెలో పెట్టండి. ప్యాకింగ్ మొత్తం అదే వీడియోలో ఉండాలి.

5. అయినా కాదన్నారు

నోటి మాట వినకండి. ఎందుకు రిజెక్ట్ చేశారో రాతపూర్వకంగా, సీరియల్ నంబర్ కనిపించే ఫొటోతో సహా అడగండి. ‘రిపేర్ చార్జీ కట్టండి, చేసిస్తాం’ అంటే, గొడవ తేలేదాకా కట్టకండి. మీ వీడియో, జాబ్‌షీట్ జతచేసి కంపెనీ హెడ్ ఆఫీసుకు ఈమెయిల్ పెట్టి వారం ఆగండి.

జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడొచ్చు. ట్విట్టర్‌లో తిడితే పని అవుతుందని కుర్రాళ్లు అంటారు, నేను ఆ దారి పట్టను. తిట్టుకు జవాబుగా ‘డీఎం చేయండి’ అని వస్తుంది, అంతే. 1915లో ఫిర్యాదుకు నంబర్ వస్తుంది, అది కంపెనీకి వెళ్తుంది, రేపు వినియోగదారుల కమిషన్‌లో చూపించుకోవచ్చు.

అక్కడా తేలకపోతే స్పీడ్ పోస్ట్‌లో ఒక నోటీసు పంపి, పదిహేను రోజులు చూసి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. సమస్య వచ్చిన రోజు నుంచి రెండేళ్లలోపు కేసు వేయాలి. ఐదు లక్షల లోపు సరుకైతే ఫీజు లేదు. లాయర్ ఉండి తీరాలనేమీ లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉన్నా నల్గొండ మనిషి నల్గొండలోనే వేసుకోవచ్చు. 2025 నుంచి వినియోగదారుల కేసుల కోసం ప్రభుత్వం పెట్టిన ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు.

6. తిరిగి తీసుకునేటప్పుడు

సంతకం పెట్టేముందు అదే మోడలా, బోర్డు మీది సీరియల్ నంబర్ వాళ్లు ఇప్పుడిచ్చే షీట్‌లో ఉన్నదేనా చూడండి. కౌంటర్ మీదే టార్చి వేసి సాకెట్ చూడండి. రీప్లేస్‌మెంట్‌గా వాడి బాగుచేసిన బోర్డు ఇవ్వొచ్చని చాలా కంపెనీల నిబంధనల్లో ఉంటుంది. ఆ మాట అడిగి షీట్‌లో రాయించుకోండి. మిగిలిన వారంటీ కొత్త సీరియల్ నంబర్ మీదికి మారిందో లేదో వెబ్‌సైట్‌లో అక్కడికక్కడే చూసుకోండి. ఇంటికి వెళ్లి ఆ రోజే బిగించి నడిపించండి, అటక మీద పెట్టకండి.

కొత్త సీరియల్ నంబర్‌ను పాత బిల్లు వెనక రాసి, జాబ్‌షీట్‌తో కలిపి పిన్ కొట్టండి. ప్రాసెసర్ పెట్టగానే ఊడి వచ్చే ఆ నల్ల మూతను ఈసారి బోర్డు బాక్సులోనే వేసి ఉంచండి.