ఫాదర్‌ల్యాండ్‌ని తెలుగు చేస్తున్నారా? పితృభూమి జోలికి మాత్రం పోకండి

సబ్‌టైటిల్సో, వ్యాసమో అనువాదం చేస్తుంటే ఏదో ఒక రోజు జర్మన్ 'ఫాటర్‌లాండ్' ఎదురుపడుతుంది, ఇంగ్లీషు 'ఫాదర్‌ల్యాండ్'కి జర్మన్ మాట, స్వదేశం అని. ఫాటర్ అంటే తండ్రి, లాండ్ అంటే నేల, ఇంకేముంది, పితృభూమి అని కొట్టేస్తాం. నేనూ కొట్టాను. అది చదివి మా పెద్దనాన్న "ఏరా, ఎవరైనా పోయారా?" అన్నారు. ఆయన తప్పేం లేదు. తెలుగులో పితృ అనగానే తద్దినాలు, పిండాలు గుర్తొస్తాయి, నిఘంటువు తీస్తే పితృవనం అంటే ఏకంగా శ్మశానమే. ఇక సైనికుడు 'పితృభూమికి పోతున్నా' అంటే ఎలా ఉంటుందో చూసుకోండి.

కాబట్టి ముందు ఆ మాట ఎలా పుట్టిందన్నది పక్కన పెట్టండి. స్వదేశాన్ని చెప్పే లాటిన్ 'పాత్రియా' కూడా తండ్రి అనే మాట నుంచే వచ్చింది, కానీ వ్యాకరణంలో అది స్త్రీలింగం. ఫ్రెంచివాళ్లు దానికి ముందు అమ్మను కూడా తగిలించి 'మేర్ పాత్రీ' అంటారు. వాళ్లకే లేని పట్టింపు మనకెందుకు? మామూలు చోట్ల 'దేశం', 'మన దేశం' అంటే చాలు, కాస్త ఆవేశం కావాలంటే 'మాతృభూమి'.

అయితే మాతృభూమి రాసే ముందు ఒకటి చూసుకోండి: మాట్లాడేవాడు అక్కడ పుట్టాడా? లాటిన్ అమెరికాలో 'మాద్రే పాత్రియా' (తల్లి దేశం) అంటే వాళ్లు పుట్టిన దేశం కాదు, స్పెయిన్. ఉత్తర సైప్రస్‌లోని తుర్కులు 'అనావతన్' (ఇదీ తల్లి దేశమే) అనేది టర్కీని. ఇలాంటి చోట మాతృభూమి అని రాస్తే పాఠకుడు దేశమే తప్పు అనుకుంటాడు. ఆ దేశం పేరే రాసేయడం మేలు.

రష్యన్‌తో కొంచెం జాగ్రత్త, అందులో రెండు మాటలున్నాయి. 'రోదినా'లో ఉన్న 'రోద్' అంటే వంశం, పుట్టుకతో చుట్టరికం ఉన్న మాట, అందుకే 'జన్మభూమి' చక్కగా అతుకుతుంది. వోల్గోగ్రాడ్‌లో కత్తి ఎత్తి నిలబడ్డ ఆడమనిషి విగ్రహం చూసే ఉంటారు, 1967లో పూర్తయింది, కత్తితో కలిపి 85 మీటర్లు. దాని పేరులో 'రోదినా' పక్కన 'మాత్', అంటే తల్లి, విడిగా చేర్చి ఉంటుంది, కాబట్టి అక్కడ తల్లిని వదలకండి: 'జన్మభూమి తల్లి పిలుస్తోంది'. రెండోది 'అతేచెస్త్వొ', ఇది తండ్రి నుంచి వచ్చింది. 1941-45లో హిట్లర్ సేనలతో చేసిన యుద్ధానికి వాళ్లు పెట్టుకున్న పేరులో ఉన్నది ఇదే. అక్కడ నేనైతే 'దేశరక్షణ యుద్ధం' అంటాను.

జర్మన్ 'హైమాట్' దేశం కాదు, పుట్టి పెరిగిన చోటు. సొంతూరు అనండి. దుబాయ్‌లో ఉండే మనవాళ్లు ఇండియాకి వస్తూ 'ఊరికి పోతున్నా' అంటారు చూడండి, ఆ ఊరు.

స్వదేశం అనే ఉర్దూ మాట 'వతన్'ని తెలుగులో అలాగే ఉంచేద్దామనుకుంటే ఒక చిక్కుంది. ఒకప్పుడు తెలంగాణలో వతన్‌దారు అంటే తరతరాలుగా పటేల్, పట్వారీ పని చేసిన ఇంటివాడు. పాత కాగితాలు తెలిసినవాళ్లకి దేశభక్తి కాదు, రికార్డులు గుర్తొస్తాయి.

ఇండోనేషియావాళ్లది నాకు భలే ఇష్టం, స్వదేశాన్ని 'తనాహ్ ఆయిర్' అంటారు, నేల-నీరు అని. దీవుల దేశం మరి. దాన్ని మాతృభూమి చేసి సముద్రాన్ని పోగొట్టకండి, 'మా నేలా నీరూ' అని రాసినా తెలుగు చెవికి ఇబ్బందేం ఉండదు.

ఇక తండ్రిని తప్పకుండా ఉంచాల్సిన చోటు ఒకటుంది. జర్మన్‌లో నేల తండ్రిది, భాష మాత్రం తల్లిది, 'ముట్టర్‌ష్ప్రాహ'. రచయిత ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆడుకుంటుంటే అచ్చ తెలుగులో 'తండ్రి నేల' అనండి, కానీ ముందూ వెనకా మాటల్లో దేశం సంగతే అని తెలిసేలా చూసుకోండి. మొదటిసారి ఆ జాగ్రత్త లేకుండా మా పెద్దనాన్నకి చదివి వినిపించాను. "ఎన్ని ఎకరాలు?" అన్నారు.