హైదరాబాద్ చూసి ఫలక్‌నుమా ప్యాలెస్‌లో భోంచేయాలంటే ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు వారం చూసుకోండి. సాలార్‌జంగ్ మ్యూజియానికి, చౌమహల్లా ప్యాలెస్‌కి శుక్రవారం సెలవు. మక్కా మసీదులో ప్రార్థనల వల్ల ఆ రోజు చార్మినార్ దగ్గర రద్దీ కూడా ఎక్కువే. పాతబస్తీకి వేరే రోజు పెట్టుకోండి.

మ్యూజియంలో పన్నెండు కొట్టకముందే సంగీత గడియారం దగ్గర చోటు చూసుకోండి. చిన్న బొమ్మ మనిషి బయటికొచ్చి పన్నెండుసార్లు గంట కొడతాడు. పిల్లలకు అది తప్పకుండా చూపించాలి.

గోల్కొండకు పొద్దున్నే వెళ్లండి. జారని చెప్పులు, నీళ్లు ఉండాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను కోట పైనున్న బాలాహిస్సార్ దాకా ఎక్కించకండి.

ఇక రాత్రి భోజనం. ఫలక్‌నుమా ఇప్పుడు తాజ్ హోటల్, ముందే బుక్ చేసుకోకుండా లోపలికి పోనివ్వరు. బుక్ చేసేటప్పుడే ఇవన్నీ అడిగేయండి:

- ఎలాంటి బట్టలు వేసుకోవాలి? నిక్కర్లు, హవాయి చెప్పులైతే వద్దు.
- 101 మంది కూర్చునే ఆ పొడవాటి భోజనాల బల్ల చూపిస్తారా? టేబుల్ బుక్ చేస్తే అదీ చూపిస్తారని అనుకోవద్దు.
- శాకాహారులుంటే, ఏదైనా పడనివాళ్లుంటే ఇప్పుడే చెప్పాలి.
- మెనూ ధర మీద పన్ను ఎంత? ఇలాంటి పెద్ద హోటళ్లలో జీఎస్టీ 18 శాతం. సర్వీస్ చార్జి మాత్రం తప్పనిసరి కాదు, ఇష్టం లేకపోతే తీసేయమని మర్యాదగా అడగొచ్చు.

ఆ రోజు మధ్యాహ్నం బిర్యానీ జోలికి వెళ్లకండి, రాత్రి ఆకలుండదు. పాతబస్తీ ట్రాఫిక్‌కి గంట ముందే బయల్దేరితే టెన్షన్ ఉండదు.