పాత మస్టాంగ్‌కి ఎక్స్‌ప్లోరర్ వెనక ఆక్సిల్ బిగించడం ఎలా?

1965–70 ఫోర్డ్ మస్టాంగ్ వెనక భాగంలో పెద్ద రహస్యాలేమీ లేవు. రెండు కమాన్ కట్టలు, వాటి మీద ఆక్సిల్ హౌసింగ్, రెండు షాకబ్జర్లు. ఆరు సిలిండర్ల కారులో వచ్చిన 7.25 అంగుళాల ఆక్సిల్ (ఈ కొలత లోపలి రింగ్ గేరు వ్యాసం) మీద గట్టి వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజను బలం పడితే అది ఎక్కువకాలం నిలవదు. అందుకే అమెరికాలో చాలామంది పాత బండ్ల యార్డుకు వెళ్ళి ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ కింది 8.8 అంగుళాల ఆక్సిల్ విప్పుకొస్తారు. 31 స్ప్లైన్ల (చివర చెక్కిన పళ్ళ) షాఫ్టులు, డిస్క్ బ్రేకులు, 4.5 అంగుళాల వలయం మీద 5 స్టడ్లు. వీ8 మస్టాంగ్ చక్రాల బోల్టు కొలత కూడా అదే.

బోల్టులు కలిశాయి కదా అని తొందరపడితేనే చిక్కు. ఈ ఆక్సిల్ వేరే బండి ఎత్తుకు, వేరే కమాన్లకు, వేరే ప్రొపెల్లర్ షాఫ్టుకు తయారైంది. దాన్ని మీ కారు కొలతలకు తేవాలి. ఆ కొలతలు కారు బరువు కమాన్ల మీద పడ్డాకే నిజమవుతాయి.

ముందు వెడల్పు తేల్చుకోండి

చక్రం ఆనే ముఖం నుంచి అవతలి ముఖం దాకా 1965–66 మస్టాంగ్‌ది 57.25 అంగుళాలు. 1967–70ది 59.25. 1971–73ది 61.25. ఎక్స్‌ప్లోరర్‌ది సుమారు 59.5. అంటే 1967–70 కారుకి ఉన్నదున్నట్టు సరిపోతుంది. 1965–66కి పెడితే ఒక్కో పక్క అంగుళానికి పైగా బయటికి పొడుచుకొచ్చి, గుంట వచ్చినప్పుడల్లా టైరు ఫెండర్ అంచును గీస్తుంది.

దానికి ఎప్పటినుంచో ఉన్న ఉపాయం ఒకటుంది. ఎక్స్‌ప్లోరర్ ఆక్సిల్‌లో ఎడమవైపు (అమెరికా బండ్లలో డ్రైవర్ వైపు) ట్యూబు పొడుగు, రెండోవైపుది పొట్టి. పొడుగు ట్యూబులోంచి 2 7/8 అంగుళాలు (73 మి.మీ.) కోసి, యార్డులో ఇంకో పొట్టి షాఫ్టు కొనుక్కుంటే రెండు పక్కలా ఒకే షాఫ్టు పడుతుంది. వెడల్పు 56.6 అంగుళాలకు వస్తుంది. కుడివైపుకి జరిగి ఉన్న పినియన్ (ప్రొపెల్లర్ షాఫ్టు తగులుకునే చిన్న గేరు) కూడా దాదాపు మధ్యకు చేరుతుంది. ఈ కోత ఇంట్లో గ్రైండరుతో చేసేది కాదు. ఆక్సిల్ జిగ్గు (ట్యూబుని తిన్నగా పట్టి ఉంచే చట్రం) ఉన్న లేతు షాపుకివ్వండి. ట్యూబు వెంట్రుకవాసి వంగినా షాఫ్టు బేరింగూ సీలూ నెలల్లో పోతాయి.

యార్డులో ఏరుకునేటప్పుడు 1995 నుంచి 2001 దాకా వచ్చిన బండ్లనే చూడండి. 2002 నుంచి నాలుగు తలుపుల ఎక్స్‌ప్లోరర్‌కి వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్ వచ్చింది, అది ఈ పనికి రాదు. డోర్ స్టిక్కర్ మీద ఆక్సిల్ కోడ్ డి4 అని ఉంటే 3.73 గేర్ రేషియో, లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం జారినా రెండోదానికి బలం పంపే డిఫరెన్షియల్) ఉన్నట్టు. పొట్టి షాఫ్టుతో పాటు డిస్కులు, క్యాలిపర్లు, హ్యాండ్ బ్రేక్ కేబుళ్ళు కూడా అప్పుడే విప్పుకోండి. మళ్ళీ వెళ్ళేసరికి ఆ బండి ఉండదు.

విప్పదీయడం, శుభ్రం చేయడం

ఎక్స్‌ప్లోరర్ ఆక్సిల్ వెనక కవర్ తీసి ఆయిల్ వంచేయండి. డిఫరెన్షియల్ లోపలి పిన్నును పట్టి ఉంచే లాక్ బోల్టు విప్పి, పిన్ను లాగి, షాఫ్టుని లోపలికి నొక్కితే సి క్లిప్పు ఊడి వస్తుంది. అప్పుడు షాఫ్టుని బయటికి లాగొచ్చు. ఆ లాక్ బోల్టు విరగడంలో పేరు మోసింది. బిగించేటప్పుడు కొత్తది వేయండి. సీళ్ళు కూడా తీసేయండి, వెల్డింగ్ వేడికి ఎలాగూ మాడిపోతాయి.

తర్వాత ట్యూబుల మీదున్న ఎక్స్‌ప్లోరర్ కమాన్ సీట్లు (కమాను ఆనే లోహపు దిమ్మెలు), షాకబ్జర్ బ్రాకెట్లు అన్నీ కోసేయాలి. ట్యూబు లోపలికి గీత పడకుండా చివరి 2 మి.మీ. ఫ్లాప్ డిస్కుతో అరగదీయండి.

కమాన్లు జత అవునా కాదా

పాత కార్లలో ఎడమ కమాను ఒక తయారీదారుది, కుడిది ఇంకొకరిది ఉండటం మామూలే. రెండింటినీ నేలమీద పక్కపక్కన బోర్లించి చూడండి. వంపులో తేడా ఉంటే కారు ఒకవైపు ఒరుగుతుంది. ఇప్పటికే కారు ఒరిగి ఉంటే కమాన్లను అటుదిటు మార్చి బిగించండి. ఒరుగు కూడా పక్క మారితే తప్పు కమానుది. మారకపోతే బాడీలో చూడాలి. అలాగే ముందు కంటి రంధ్రం నుంచి సెంటర్ బోల్టు (ఆకులన్నిటినీ కలిపి పట్టే మధ్య బోల్టు) దాకా రెండింటికీ ఒకే దూరం ఉండాలి. 5 మి.మీ. తేడా ఉన్నా ఆక్సిల్ వాలుగా కూర్చుని, కారు ఎండ్రకాయలా పక్కవాటుగా నడుస్తుంది.

కమాన్ సీట్లు: అసలు పని ఇదే

కొత్త సీట్లు 3.25 అంగుళాల ట్యూబుకి సరిపోయేవి, 2.5 అంగుళాల కమాను పట్టేవి కొనండి. మస్టాంగ్‌లో సీటు నుంచి సీటుకి మధ్య దూరం 43 అంగుళాలు (1092 మి.మీ.). పుస్తకంలో ఎంతున్నా మీ కారులో వేలాడుతున్న రెండు కమాన్ల సెంటర్ బోల్టుల మధ్య టేపు పెట్టి చూసుకోండి. యాభై ఏళ్ళు దాటిన బాడీ ఎక్కడ నొక్కుకుందో చెప్పలేం.

సీట్లను వదులుగా పెట్టి, ఆక్సిల్‌ని కమాన్ల మీదికి ఎక్కించి, యు బోల్టులు చేతి బిగువుతో వేయండి. ఇప్పుడు స్టాండ్లు ఆక్సిల్ ట్యూబుల కింద పెట్టి కారు బరువంతా కమాన్ల మీదికి దించండి. కూర్చునే సీట్లు, స్పేర్ టైరు కారులోపల ఉండాలి. పెట్రోలు ట్యాంకు ఆక్సిల్ వెనకే ఉంటుంది. 60 లీటర్లు నిండితే దాదాపు 45 కిలోలు. ఖాళీ ట్యాంకుతో కొలిస్తే కోణం మారిపోతుంది.

మూడు కొలతలు తీయాలి. మొదటిది, కమాను ముందు కంటి బోల్టు నుంచి ట్యూబు దాకా రెండు పక్కలా దూరం చూడండి, తేడా 3 మి.మీ. లోపే ఉండాలి. ఫ్రేమ్ పట్టీ నుంచి బ్రేక్ ఫ్లాంజ్ దాకా రెండు వైపులా సమానంగా ఉండాలి. మూడోది పినియన్ కోణం, అందరూ తడబడేది ఇక్కడే.

అయస్కాంతం ఉన్న డిజిటల్ కోణమాపకాన్ని ట్రాన్స్‌మిషన్ మీద ఆనించండి. దాని తోక 3 డిగ్రీలు కిందికి వాలి ఉందనుకుందాం. దానికి సమాంతరంగా ఉండాలంటే పినియన్ ముక్కు 3 డిగ్రీలు పైకి చూడాలి. కానీ అలా వెల్డ్ చేయకండి. యాక్సిలరేటర్ తొక్కగానే కమాన్లు మెలితిరిగి పినియన్ ముక్కు పైకి లేస్తుంది. కాబట్టి 2 డిగ్రీలు తగ్గించి, 1 డిగ్రీ పైకి ఉండేలా పెట్టండి. బరువు లాగేటప్పుడు అది లేచి సమాంతరానికి వస్తుంది. ఈ లెక్క తప్పితే 80–90 కి.మీ. వేగంలో మీరు కూర్చున్న సీటు కింద గుయ్యిమని వణుకు మొదలవుతుంది. చాలామంది అది టైర్ల బ్యాలెన్స్ అనుకుని డబ్బులు తగలేస్తారు.

కోణం కుదిరాక సీటుకి నాలుగు చోట్ల చిన్న టాకాలు వేసి ఆక్సిల్ దించండి. పూర్తి వెల్డింగ్ కింద, బయట చేయాలి. ఒకేసారి చుట్టేయకుండా 25 మి.మీ. ముక్కలుగా, ఎడమ ఒకటి కుడి ఒకటి వేస్తూ, చేయి ఆనించగలిగేంత చల్లారనిచ్చి మళ్ళీ వేయండి. ఎర్త్ క్లాంపు వెల్డ్ పక్కనే పెట్టండి, లేకపోతే కరెంటు బేరింగుల గుండా పోయి గుంటలు పడతాయి.

వెల్డ్ అయిపోయాక కోణం డిగ్రీ రెండు డిగ్రీలు తేడా వస్తే సీటు కోయక్కర్లేదు. సీటుకీ కమానుకీ మధ్య స్టీలు వెడ్జి పెట్టండి. మందం ముందుకు పెడితే పినియన్ ముక్కు లేస్తుంది. అల్యూమినియం వెడ్జి వద్దు, నలిగి పిండవుతుంది. వెడ్జి పెట్టాక సెంటర్ బోల్టు తల ఇంకా సీటు రంధ్రంలో దిగుతుందో లేదో చూడండి. దిగకపోతే పొడుగు తల బోల్టు వేయాలి. ఆక్సిల్‌ని ముందుకూ వెనక్కూ కదలనివ్వనిది ఆ తలే.

యు బోల్టులు, షాక్ ప్లేట్లు

మస్టాంగ్ యు బోల్టులు ఈ లావు ట్యూబుకి పట్టవు. 3.25 అంగుళాలవి కొత్తవే కొనండి. ఒకసారి సాగిన యు బోల్టుని మళ్ళీ వాడకూడదు. మస్టాంగ్ షాక్ ప్లేటు రంధ్రాలను కొద్దిగా బయటికి సాగదీయాలి. గ్యాస్‌తో కాకుండా రౌండు ఫైలుతో, లేదా మిల్లింగ్ మిషను మీద చేయించండి. తయారీదారు చెప్పిన టార్క్‌కి ఎదురెదురుగా, మూడు దఫాలుగా బిగించండి. కమాన్ కంటి బోల్టులు, వెనక షాకిల్ నట్లు మాత్రం కారు నేలమీదున్నప్పుడే గట్టిగా బిగించాలి. గాల్లో బిగిస్తే బుష్ రబ్బరు మెలిపడి కొన్నాళ్ళకే చిరుగుతుంది.

ప్రొపెల్లర్ షాఫ్టు, బ్రేకులు

ఎక్స్‌ప్లోరర్ పినియన్‌కి గుండ్రటి ఫ్లాంజ్ ఉంటుంది. అడాప్టర్ కావాలి. షాఫ్టు చివరి క్రాస్ (యూ జాయింట్) సైజు 1310 అయితే వెడల్పు 3.219 అంగుళాలు, 1330 అయితే 3.625. రెండింటినీ కలిపే మిశ్రమ క్రాసులు దొరుకుతాయి. షాఫ్టు పొడవు కారు నేలమీదున్నప్పుడే కొలవండి. ట్రాన్స్‌మిషన్‌లోకి జారే ముందు స్లిప్ యోక్ పూర్తిగా లోపలికి తగలకుండా 20–25 మి.మీ. ఖాళీ ఉండాలి.

డిస్కులు పెద్దవి కాబట్టి 14 అంగుళాల చక్రాలు చాలావరకు పట్టవు, 15 చూసుకోండి. 1965–66 కార్లలో మాస్టర్ సిలిండర్ ఒకే గది ఉన్నది. ఈ పనిలోనే రెండు గదులది వేయండి. డ్రమ్ముల కోసం పెట్టిన రెసిడ్యువల్ వాల్వు (లైన్లో కొంత ఒత్తిడి నిలిపి ఉంచేది) వెనక లైన్లో ఉంటే తీసేయాలి, లేకపోతే ప్యాడ్లు డిస్కుని వదలవు. వెనక చక్రాలు ముందు లాక్ కాకుండా సర్దుబాటు ప్రపోర్షనింగ్ వాల్వు (వెనక బ్రేకుల ఒత్తిడి తగ్గించేది) పెట్టండి.

కొత్త సీళ్ళు వేసి ఆయిల్ దాదాపు 2.5 లీటర్లు పోయండి. లిమిటెడ్ స్లిప్ ఉంటే 118 మి.లీ. ఫ్రిక్షన్ మాడిఫయర్ కలపకపోతే మలుపుల్లో టకటకమంటుంది. గాలి వెంట్ గొట్టం మూసుకుపోయి ఉందేమో చూడండి. మూసుకుంటే కొత్త సీలు కూడా కారుతుంది.

రోడ్డెక్కే ముందు యు బోల్టు నట్టు మీదా ప్లేటు మీదా కలిపి ఒక పెయింటు గీత గీయండి. 150 కి.మీ. నడిపాక గీత చెదిరిందేమో చూసి, చెదరకపోయినా టార్క్ రెంచి పెట్టి ఒకసారి సరిచూడండి. సీటు అంచున తుప్పురంగు పొడి కనిపిస్తే కమాను కదులుతున్నట్టే. అప్పుడు సెంటర్ బోల్టు విప్పి చూడాలి.